అయస్కాంతం మారితే... స్వరం మారుతుంది!

ఎలక్ట్రిక్ గిటారు గొంతు నచ్చకపోతే ఏం చేయాలి? కొత్తది కొనాల్సిందేనా? అక్కర్లేదంటారు దాని లోగుట్టు తెలిసినవాళ్లు. తీగల కింద దాక్కున్న వేలెడంత అయస్కాంతాన్ని మార్చినా చాలట!

మామూలు గిటారుకి చెక్కపెట్టే గొంతు. ఎలక్ట్రిక్ గిటారులో ఆ పని పికప్‌ది. అందులో ముఖ్యమైనవి రెండే... అయస్కాంతం, వేలసార్లు చుట్టిన సన్నటి రాగితీగ. పైన ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం కదిలి, చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. ఆ కాస్త కరెంటునే యాంప్లిఫయర్ పెద్దదిగా చేసి వినిపిస్తుంది.

1955లో గిబ్సన్ కంపెనీ ఇంజినీరు సేథ్ లవర్ 'హమ్‌బకర్' పికప్‌కి పేటెంటు కోరాడు. కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే రొదను తగ్గించేందుకు రెండు చుట్టలు, వాటి కింద ఓ అయస్కాంతపు పట్టీ పెట్టాడు. తొలినాళ్లలో వాటిలో ఏ రకం అయస్కాంతం దొరికితే అది వేసేవారు. దాంతో ఒక్కోదానిది ఒక్కో స్వరం! ఆ పికప్‌లున్న 1950ల చివరినాటి లెస్‌పాల్ గిటార్లు ఇప్పుడు లక్షల డాలర్లు పలుకుతున్నాయి. అంత డబ్బు లేనివాళ్లు అయస్కాంతం మార్చి ఆ స్వరానికి దగ్గరవ్వాలని చూస్తుంటారు.

అల్యూమినియం, నికెల్, కోబాల్ట్‌లను ఇనుముతో కలిపి చేసేది 'ఆల్నికో'. అందులో రెండో రకం వేస్తే స్వరం మెత్తగా, తియ్యగా ఉంటుంది. ఐదో రకానికి బలం ఎక్కువ, స్వరమూ స్పష్టం. సిరామిక్ అయితే మరింత పదును... హెవీ మెటల్ వాయించేవాళ్లకు ఇష్టం.

మార్చడం తేలికే. అడుగున మరలు వదులుచేసి, పాత పట్టీని పక్కకు నెట్టి, కొత్తదాన్ని దూర్చాలి. పాతదాని ఉత్తర ధ్రువం ఎటుందో దిక్సూచితో ముందే చూసుకోవాలి. తిరగేసి పెడితే రెండు పికప్‌లూ కలిపి వాయించినప్పుడు స్వరం పీలగా వస్తుంది. లోపలి రాగితీగ వెంట్రుకంత సన్నం. అది తెగిందా... పికప్ మూగబోయినట్టే! చుట్ట మధ్యలోనే అయస్కాంతపు కడ్డీలుండే పికప్‌ల జోలికి అసలు పోకూడదు.

అన్నట్టు, పికప్ ఎత్తు మార్చినా స్వరం మారుతుంది. దానికి పైసా ఖర్చు లేదు. కాబట్టి ముందు స్క్రూడ్రైవరు, తర్వాత అయస్కాంతం... కొత్త గిటారు సంగతి ఆఖర్న!