ఛాయాచిత్రము వెనుక వ్రాత

తెలుగువారి సముద్రము తూర్పున ఉన్నది. విశాఖపట్టణమునందైనను, కాకినాడయందైనను సూర్యుడు సముద్రమునుండి పైకి వచ్చునే కాని సముద్రములోనికి దిగిపోడు. ఇది మూడవ తరగతి బాలునికి తెలిసిన దిక్కుల పాఠము. అయినను సెలవులలో ఆ తీరములకు పోయి వచ్చినవారు చూపు ఛాయాచిత్రములలో ‘సాగరమున సూర్యాస్తమయము’ అను పేరుగల ఎర్రని బింబము ఒకటియైనను ఉండక మానదు. చిత్రము అందముగనే ఉండును. దాని క్రింది మాట మాత్రము అబద్ధము. తీసినవాడు కావలెనని అబద్ధమాడలేదు. వేకువను లేచి, నిద్రమత్తుతో తీసి, వేళను ఎచ్చటను వ్రాసికొనక, ఆరు నెలల పిదప ఆ ఎరుపును చూచి సాయంకాలమనుకొన్నాడు. కెమెరా ఎప్పుడును నిజమే చెప్పునని లోకమున ఒక నమ్మకము కలదు. ఎప్పుడు, ఎచ్చట, ఎవరు అను మూడు ప్రశ్నలకు మాత్రము కెమెరా మూగది.

చర్ల వంటి ఊరినుండి మొదటిసారి సముద్రమునకు పోవు విద్యార్థికి ఈ పొరపాటు మరింత సులభము. భద్రాచలమునకు ఎగువన సుమారు 60 కిలోమీటర్ల దూరమున, అడవికిని గోదావరికిని నడుమ నున్న ఊరు చర్ల. నది ఆ ఊరికి నైరుతి దిక్కున ఆగ్నేయముఖముగా సాగిపోవును. ఆ గట్టున నిలిచినవానికి సూర్యుడు నీటిమీదుగా, అవతల మణుగూరు వైపున క్రుంకును. నీరున్న దిక్కుననే ప్రొద్దు క్రుంకుట చిన్ననాటినుండి చూచిన కన్ను సముద్రమును చూచినను అదియే ఊహించును. దీనిని క్షమింపవచ్చును. సముద్రమునకు పోయినగాని చిత్రము దొరకదని తలచుట మాత్రము అంత సులభముగా క్షమింపదగినది కాదు. వేసవిలో నది సన్నగిల్లగా బయటపడు ఇసుక తిన్నెలు, తాలిపేరు వచ్చి కలియు చోటు, దోనెలు కట్టు రేవులు, శ్రావణమాసమున ఆ తిన్నెలన్నింటిని మ్రింగి గట్టునెక్కు ఎర్రనీరు, ఇవి చర్లవారికి నడక దూరమున నున్నవి.

నిజమునకు చర్ల గట్టును, సముద్రపు గట్టును వేరువేరు కావు. ఇచ్చట తిన్నెగా నిలిచిన ఇసుక, ఇచ్చట నీటికి ఎరుపునిచ్చిన ఒండ్రు, భద్రాచలము దాటి, పాపికొండల నడుమ దూరి, ధవళేశ్వరము దిగువన గౌతమిగను వసిష్ఠగను చీలి, అంతర్వేది మొదలైన చోట్ల సముద్రమును చేరును. రెండువందల కిలోమీటర్లకు పైబడిన ఆ ప్రయాణమున నది మోసికొనిపోయిన మట్టియే కోనసీమ యైనది. పైనుండి వచ్చు ఒండ్రు ఆనకట్టల వెనుక నిలిచిపోయినచో, క్రింద సముద్రము తినివేసిన తీరమును పూడ్చుటకు మన్ను చాలదు. గోదావరి డెల్టా అంచు పలుచోట్ల వెనుకకు జరుగుచుండుటకు ఇది ముఖ్యమైన కారణమని భూగోళ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కనుక అంతర్వేది తీరమున కెమెరా పట్టినవాడును, చర్ల రేవున కెమెరా పట్టినవాడును ఒక కథ యొక్క రెండు కొసలను పట్టుకొన్నవారే.

తీరమనునది ఒకచోట నిలుచునది కాదు. కొండను ఈ ఏడు తీసినను, పదేండ్ల పిదప తీసినను పెద్ద భేదముండదు. తీరము అట్లు కాదు. కాకినాడ చెంతనున్న ఉప్పాడను చూడుడు. సముద్రము ఆ ఊరిని ఏటేట కొంత కొంతగా తినుచు వచ్చినది. ఇండ్లు పోయినవి, గుడులు పోయినవి, కాకినాడ ఉప్పాడల నడుమ తీరపు రోడ్డు ఎన్నిమారులో తెగి మరల వేయబడినది. అచ్చటి వృద్ధులు నీటివైపు చేయి చూపి, మా ఇల్లు అదిగో అచ్చటనుండెడిదని చెప్పుదురు. విన్నవాడు తల ఊపును. నమ్మునో, నమ్మడో! అదే చోట నిలిచి, అదే దిక్కునకు తిరిగి, ఇరువది ఏండ్లపాటు ఏటికొక చిత్రము తీసి వెనుక తేది వ్రాసి పెట్టినవాడు ఒకడున్నచో ఆ వృద్ధుని మాటకు సాక్ష్యముండును. అట్టి చిత్రములలో అందము అంతగా ఉండకపోవచ్చును. ఒక తాడిచెట్టు, ఒక గోడ, కొంత నురుగు. కాని వరుసగా పేర్చి చూచినచో గోడ మాయమగుట, చెట్టు వాలుట, పిదప చెట్టును లేకపోవుట కంటికి కట్టినట్లు కనబడును. సూర్యాస్తమయముల చిత్రములు నూరు పేర్చినను ఒక దానికంటె రెండవది క్రొత్తగా చెప్పునదేమియు లేదు.

చరిత్రలో ఒక విచిత్రము కలదు. పారిసు నగరమున డాగెర్ కనిపెట్టిన ఛాయాగ్రహణ పద్ధతిని ఫ్రెంచి ప్రభుత్వము లోకమునకు వెల్లడించినది 1839 ఆగస్టు 19వ తేదిన. ఆ ఏడే నవంబరు 25వ తేదిన గోదావరి ముఖద్వారమున నున్న కోరంగి రేవును ఘోరమైన తుపాను ముంచివేసెను. ఓడలు కట్టు ఊరుగా, ఓడలు వచ్చు రేవుగా పేరొందిన కోరంగి ఆ దెబ్బనుండి మరల కోలుకొనలేదు. మూడునెలల తేడాతో కెమెరా లోకమునకు వచ్చుటయు, కోరంగి పోవుటయు జరిగినవి. ఆ రేవు ఎట్లుండెనో చూపు ఛాయాచిత్రము ఉండుటకు అవకాశమే లేకపోయెను. నాటివారికి కెమెరా లేదు, కనుక వారిని అనవలసినదేమియు లేదు. నేడు ప్రతి జేబులోను ఒక కెమెరా ఉన్నది.

ఇట్టి పనికి వృత్తిగా చిత్రములు తీయువాడు పనికిరాడు. అతని నేర్పును తక్కువ చేయుట కాదిది. అతడు కూలి దొరకిన చోటికే పోవలసినవాడు. ఒక తాడిచెట్టు ముందు ఏటేట నిలుచుటకు కూలి ఇచ్చువారెవరు? ఔత్సాహికుడు ఒక్కడే తన ఇష్టముకొలది వచ్చిన చోటికే మరల రాగలడు. ఔత్సాహికుడనగా చేతగానివాడని అర్థము చేసికొనువారు లాలా దీనదయాళుని తలచుకొనవలెను. 1844లో మీరట్టు దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ప్రభుత్వపు పనుల శాఖలో పటములు గీయు ఉద్యోగి యైన ఆయన మొదట ఉద్యోగము చేసికొనుచునే కెమెరా నేర్చెను. సికిందరాబాదులో స్టూడియో పెట్టి, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడై, రాజా బిరుదు పొందుట తరువాతి మాట.

చర్ల ప్రాంతమునకు మరింత దగ్గరి ఉదాహరణము ఇంకొకటి కలదు. 1909లో వియన్నాలో పుట్టిన క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ మానవశాస్త్రవేత్త. ఛాయాగ్రహణము ఆయనకు జీవిక కాదు. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చునప్పటికి ఆయన భారతదేశమున నుండెను. శత్రుదేశపు పాసుపోర్టు చేతనున్నందున స్వేచ్ఛగా తిరుగుటకు వీలులేక హైదరాబాదు సంస్థానమున ఉండవలసి వచ్చెను. ఆ నిర్బంధమునే ఆయన పనిగా మార్చుకొనెను. భార్య బెట్టీతో కలిసి చెంచులు, కొండరెడ్లు, రాజగోండులు నివసించు పల్లెలలో నెలల తరబడి ఉండి, వారి బ్రతుకును వ్రాసెను, చిత్రించెను. గోదావరి గట్లనున్న కొండరెడ్లను గూర్చిన ఆయన గ్రంథము 1945లో వెలువడెను. అంతటితో ఆయన పని ముగియలేదు. దశాబ్దములు గడచిన పిదప ఆయన ఆ జనులయొద్దకే మరల వచ్చెను. అడవి ఎంత పోయినది, భూమి ఎవరి చేతికి పోయినది, తాను 1940లలో చూచినవారి పిల్లలు ఎట్లున్నారు అని విచారించి, 1982లో మరియొక గ్రంథము ప్రకటించెను. ఆయన తీసిన ఛాయాచిత్రములు లండనులోని ప్రాచ్య, ఆఫ్రికా విద్యాసంస్థలో భద్రముగా నున్నవి. వానిలో కాంతి ఎట్లు పడినదను విషయము చూచి మెచ్చుకొనువారు కొందరే. ఆ చిత్రములతోపాటు ఆయన వ్రాసి ఉంచిన దినచర్యలున్నవి. అవి లేనిచో చిత్రములలోనివారు ఏ గూడెమువారో, వారు చేయుచున్న పని ఏదో నేడు చెప్పగలవారుండరు.

దీనికి ఎదురుగా మరియొక సంపుటమును పెట్టి చూడవలెను. 1868 మొదలు 1875 వరకు లండనులో ఎనిమిది సంపుటములుగా ‘భారతదేశపు జనులు’ అను అర్థముగల పేరుతో ఒక పెద్ద గ్రంథము అచ్చయినది. అందలి చిత్రములు నాలుగువందలకు పైబడినవి. తీసినవారిలో పలువురు సైన్యములోను, దొరతనములోను ఉద్యోగము చేయుచు అభిరుచికొలది కెమెరా పట్టినవారే. అందలి ముఖములలో పెక్కింటి క్రింద కులము పేరో, తెగ పేరో ఉన్నదే కాని మనిషి పేరు లేదు. చూచుచున్న కన్నులు రెండు, ముడుచుకొన్న పెదవులు, మెడలో పూసలు, అన్నియు స్పష్టముగా నున్నవి. ఆమె ఎవరని అడిగినచో పుస్తకము జవాబు చెప్పదు. చిత్రము తీసినవానికి ఆమె ఒక మాదిరి మాత్రమే.

విచారింపదగినదేమనగా, నూట ఏబది ఏండ్లు గడచినను ఆ అలవాటు పోలేదు. చర్ల ప్రాంతపు సంతకు వచ్చిన కోయ స్త్రీని అడుగకయే చిత్రించి ‘అడవి అందము’ అని పేరు పెట్టువారు నేడును ఉన్నారు. సముద్రతీరమున అలివి వల లాగుచున్న జాలరుల ముందు, త్రాటికి అడ్డముగా నిలిచి, నవ్వుడని కేకవేయువారును ఉన్నారు. వల లాగువానికి అది నవ్వు వేళ కాదు. త్రాడు జారినచో ఉదయమంతయు చేసిన కష్టము నీటిపాలగును. ముందుగా అడుగుట, పేరు తెలిసికొనుట, ‘వద్దు’ అన్నచో కెమెరాను దించుట, తీసిన చిత్రమును మరల వచ్చునప్పుడు వారి చేతికిచ్చుట, వీనికి ఏ శాస్త్రమును చదువనక్కరలేదు. చాల కుటుంబములలో చనిపోయిన తాతకో, అమ్మమ్మకో ఒక చిత్రమైనను ఉండదు. ఎవరో పరాయివాని పెట్టెలో మాత్రము ఉండును!

సెల్‌ఫోను వచ్చిన పిదప తేది వ్రాయు బాధ తప్పినదని కొందరందురు. ఫోను తానే తేదిని, వేళను, ఒక్కొక్కప్పుడు చోటును చిత్రములో దాచిపెట్టుకొనుమాట నిజమే. కాని ఆ చిత్రమును మామూలుగా వాట్సాప్‌లో మరియొకరికి పంపినంతనే ఆ దాచిన వివరములు ఊడిపోవును. మూడు చేతులు మారిన చిత్రము అనాథ. 2022 జులై 16న భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినది. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు చేరిన పిదప అంతటి నీరు మరల అప్పుడే వచ్చినది. ఆ వారమున చేతులు మారిన వరద చిత్రములకు లెక్కలేదు. అందులో ఏది ఏ ఊరిదో, ఏ రోజుదో, ఏ ఏటిదో నేడు తేల్చి చెప్పుట ఎవరి తరము? 1986లో తీసి, అట్టపెట్టెలో పడియున్న నలుపు తెలుపు చిత్రము వెనుక ఎవరైనను ఊరి పేరును తేదిని పెన్సిలుతో గీకి యుంచినచో దాని విలువ వీనికంటె హెచ్చు. పెన్సిలనుటకు కారణము కలదు. బాల్‌పాయింటు పెన్ను గట్టిగా నొక్కుకొని బొమ్మవైపు మచ్చవేయును, సిరా చెమ్మకు ప్రాకును. మెత్తని పెన్సిలుతో అంచున తేలికగా వ్రాయుట మంచిది. ఫోనులో తీసినవారు ఒక నోటు పుస్తకము పెట్టుకొనిన చాలును.

ఈ వ్రాతతో పని ఏమని అడుగువారు పోలవరము వైపు చూడవలెను. ఆ జలాశయము వలన దేవీపట్నము ప్రాంతపు పల్లెలు కొన్ని ఇప్పటికే ఖాళీ యైనవి. నిలువనీరు ఎగువన భద్రాచలము దిక్కునకు ఎంతవరకు పోటెత్తునను వివాదము 2022 వరద పిదప మరింత ముదిరినది. ఇంజనీర్ల లెక్కలు ఇంజనీర్లు వేయుదురు. ఈ వాగు నోటివద్ద నీరు ఏ రోజున ఏ మెట్టుదాక వచ్చినది, ఎన్ని రోజులకు తీసినది అను దానిని మాత్రము ఆ గట్టున నివసించువాడే చూడగలడు. వాదము వచ్చినప్పుడు తేది లేని చిత్రమును ఎదుటివాడు ఒక్క మాటతో త్రోసివేయును.

చర్ల, దుమ్ముగూడెము ప్రాంతపు పాఠశాలలకు ఇందులో ఖర్చులేని పని ఒకటి కలదు. కదలని గుర్తునొకదానిని, రేవు మెట్టునో, వంతెన స్తంభమునో, ముదిరిన రావిచెట్టునో ఎన్నుకొని, నిలువవలసిన చోటును ఒక రాతితో గుర్తుపెట్టి, నెలకొకసారి ఒకే వేళకు ఒకే దిక్కునకు ఒక చిత్రము తీయవలెను. వరద రోజులలో పిల్లలను నీటిదరికి పంపరాదు; అప్పుడు పెద్దలు ఎత్తునుండి తీయుదురు గాక. తీసినవాని పేరు, తేది, వేళ, చిత్రములో ఎవరైన ఉన్నచో వారి సమ్మతితో వారి పేరు హాజరుపట్టీ వంటి ఒక పుస్తకమునకు ఎక్కవలెను. ఉపాధ్యాయులు బదిలీయై పోదురు, పుస్తకము పాఠశాలలో ఉండును. సముద్రతీరపు పాఠశాలలు ఇదే పని చేయదలచినచో పోటుపాటుల వేళను కూడ వ్రాసికొనవలెను. లేనిచో పోటు వేళ తీసిన చిత్రమును పాటు వేళ తీసినదానితో పోల్చి, తీరము కోసుకొనిపోయినదని తొందరపడుదురు. మొదలుపెట్టుటకు వేసవి అనుకూలమైన కాలము. నది దిగువన, తిన్నెలు మీదికి తేలి యుండును. జూను నెలాఖరు దాటినచో రాతితో పెట్టిన గుర్తు ఎచ్చటనున్నదో వెదకుకొనవలసి వచ్చును.