సాఫ్ట్‌వేర్ పనికీ గిట్టుబాటు ధర ఉండాలి

గిట్టుబాటు ధర అనగానే మనకు రైతు గుర్తుకు వస్తాడు. పెట్టిన పెట్టుబడి, పడిన శ్రమ, కుటుంబ పోషణ లెక్కలోకి రాని ధర న్యాయమైన ధర కాదని రైతులు దశాబ్దాలుగా చెబుతున్నారు. ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని, అడిగినవారి అవసరానికి తగినట్లు సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇస్తున్న మన యువతీయువకుల పనికి కూడా ఇదే కొలత వర్తించాలని మేము భావిస్తున్నాం.

మందుల దుకాణానికి బిల్లుల లెక్క, పాఠశాలకు ఫీజుల పద్దు, గిడ్డంగికి సరుకు నమోదు వంటి పనులు నేడు చిన్న పట్టణాలలో సైతం సాగుతున్నాయి. చేసేవారికి నెల జీతం లేదు, భవిష్యనిధి లేదు, జీతంతో కూడిన సెలవు లేదు. ధర అడిగేసరికి మొహమాటంతో తోచిన అంకె చెబుతారు. ఎదుటివారు దానిని సగానికి బేరమాడతారు. పని చేజారిపోతుందన్న భయంతో ఒప్పుకుంటారు. ఇలా భయం నిర్ణయించిన అంకెను ధర అనలేము.

లెక్క ఎక్కడ తప్పుతున్నదో చూద్దాం. ఇంటి ఖర్చులకు నెలకు 30,000 రూపాయలు కావలసిన యువకుడు దానిని 30 రోజులకు పంచి, తన రోజు కూలి 1,000 అనుకుంటాడు. 25 రోజుల పనికి 25,000 అడుగుతాడు. కాని ఏడాదిలో ఆదివారాలు, పండుగలు, జబ్బు రోజులు తీసివేస్తే మిగిలేవి సుమారు 300. పని వెతుక్కోవడం, చర్చలు, బాకీల వసూలు, కొత్త విషయాలు నేర్చుకోవడం వీటిలో దాదాపు సగం రోజులను తినేస్తాయి. నిజంగా డబ్బు వచ్చే రోజులు 160 అనుకుందాం. ఏడాది ఇంటి ఖర్చు 3,60,000. కంప్యూటరు అరుగుదల, ఇంటర్నెట్, కరెంటు, ఆరోగ్య బీమా, పన్నులు, రేపటి కోసం దాచుకునే మొత్తం కలిపి మరో 1,20,000. మొత్తం 4,80,000ను 160తో భాగిస్తే రోజుకు 3,000 వస్తుంది. అంటే అదే పనికి 75,000 అడగాలి. ఈ అంకెలు ఉదాహరణ కోసమే. ఎవరి లెక్క వారే వేసుకోవాలి. అయితే వేయవలసిన పద్ధతి ఇది.

ఇది అంతకన్నా దిగరాని హద్దు. పై హద్దును కొనేవారికి కలిగే ప్రయోజనం నిర్ణయిస్తుంది. న్యాయమైన ధర ఈ రెండింటి నడుమ ఉంటుంది. బజారులో దొరికే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌తోనే ఆ దుకాణం పని గడిచిపోతే, ఆ మాట నిజాయితీగా చెప్పడం కూడా వృత్తిధర్మమే. కొలతలు తీసి కుట్టిన చొక్కాకు రెడీమేడ్ చొక్కా ధర ఇస్తామనడం ఎంత తప్పో, రెడీమేడ్ చొక్కా చాలినవారికి కొలతలు తీయడం అంతే తప్పు.

కొనేవారు కూడా ఒక సంగతి ఆలోచించాలి. సాఫ్ట్‌వేర్ పని అప్పగింతతో ముగియదు. పన్ను రేట్లు మారతాయి, లోపాలు బయటపడతాయి. కూలి గిట్టని యువకుడు ఏడాది తిరగకముందే ఏదో ఒక ఉద్యోగం చూసుకుని వెళ్లిపోతాడు. దుకాణం లెక్కలన్నీ ఆ సాఫ్ట్‌వేర్‌లో చిక్కుకుంటాయి. మిగిలిందనుకున్న డబ్బుకు రెట్టింపు మరొకరికి చెల్లించవలసి వస్తుంది.

ఏళ్ల తరబడి ఫైళ్ల మధ్య గడిపినవారిగా మేము గట్టిగా చెప్పగలిగేది ఒకటే: కాగితం మీద లేనిది పని చేయదు. ఏయే పనులు చేయాలి, అదనంగా అడిగిన మార్పులకు ఎంత, సంచకారం ఎంత, మిగతా వాయిదాలు ఎప్పుడు, తరువాతి నిర్వహణకు ఏడాదికి ఎంత అన్నవి ముందే రాసుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనగా పరిగణిస్తుంది. ఉద్యోగిగా కాక స్వతంత్రంగా రాసినప్పుడు, వేరే ఒప్పందం లేకపోతే, దానిపై తొలి హక్కు రాసినవారిదే. బదలాయించాలంటే సంతకంతో కూడిన పత్రం ఉండాలి. కాబట్టి వాడుకునే హక్కుకు ఒక ధర, పూర్తి యాజమాన్యానికి మరొక ధర చెప్పవచ్చు.

బాకీల విషయంలోనూ చట్టం అండగా ఉంది. పని మొదలుపెట్టక ముందే ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు కావాలి. దానికి రుసుము లేదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం, ఒప్పందంలో ఏమి రాసుకున్నా, పనిని స్వీకరించిన తరువాత చెల్లింపు గడువు 45 రోజులు మించకూడదు. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలవారీ చక్రవడ్డీతో చెల్లించాలి. వివాదం వస్తే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌ను ఆశ్రయించవచ్చు.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. యువత లెక్క వేసి, రాసి, ధైర్యంగా అడగాలి. మన వర్తకులు, విద్యాసంస్థల నిర్వాహకులు "మనవాడే కదా, తరువాత చూద్దాం" అనే మాట మానుకోవాలి. మనవాడు అయినందుకు ముందుగా, పూర్తిగా చెల్లించడమే మర్యాద.