పప్పు బెల్లాల గ్రాంట్లు

ఇంగ్లండ్‌లో ప్యారిష్ కౌన్సిల్ పేరుకు చర్చి వాసన ఉన్నా అది చర్చి సంస్థ కాదు. 1894 చట్టంతో పుట్టిన, స్థానిక పాలనలో అట్టడుగు మెట్టు అది. గ్రామ పంచాయతీకి దూరపు చుట్టం. ఊరి స్కౌట్లకో, బౌల్స్ క్లబ్బుకో, వృద్ధులకు భోజనం పెట్టే బృందానికో ఏటా కొంత గ్రాంటు ఇస్తుంది. ఈ పంపకం గురించి కౌన్సిలర్ల నోట తరచూ వినిపించే సమర్థన ఒకటుంది: ఫారం అందరికీ ఒక్కటే, కాబట్టి న్యాయమూ అందరికీ ఒక్కటే. ఈ మాట అనేవారు ఆ ఫారాన్ని తమ చేత్తో ఒక్కసారి నింపి చూస్తే బాగుండేది.

గ్రాంట్లలో చాలావాటికి ఆధారం 1972 స్థానిక ప్రభుత్వ చట్టంలోని 137వ సెక్షన్. ఓటరుకు ఇంత చొప్పున అని దానికి ఒక పరిమితి ఉంది. 2024-25లో అది 10 పౌండ్ల 81 పెన్నీలు. 2,000 మంది ఓటర్లున్న ఊళ్లో గరిష్ఠంగా 21,620 పౌండ్లు. సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఎన్నికై వచ్చి, క్లర్కుకు తగిన అర్హత ఉంటే, 2011 లోకలిజం చట్టం కింద ఆ పరిమితీ పోతుంది. 137వ సెక్షన్ అడిగే అసలు ప్రశ్న మాత్రం ఒక్కటే: పెట్టిన ఖర్చుకు తగ్గ మేలు ఆ ప్రాంతానికో, అక్కడి జనానికో నేరుగా దక్కుతుందా?

ఫారం అడిగేది వేరు. సంఘం నియమావళి ప్రతి, గత ఏడాది లెక్కలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇద్దరి సంతకంతో నడిచే ఖాతా, బీమా పత్రం, పిల్లల భద్రతపై రాతపూర్వక విధానం. నలభై ఏళ్ల క్లబ్బు కోశాధికారి దగ్గర ఇవన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి. నిరుటి దరఖాస్తు తీసి తేదీ మారిస్తే పని అయిపోతుంది. చంటిపిల్లల కోసం ఈ ఏడాదే ఓ ఆటల గది మొదలుపెట్టిన ఇద్దరు తల్లుల సంగతి చూడాలి. వాళ్లకు గత ఏడాదే లేదు, ఇంక లెక్కలెక్కడివి? సంఘం పేరుతో ఖాతా తెరవడానికే నెలలు గడిచిపోతాయి, ఈలోగా గడువు దాటిపోతుంది. మరోవైపు, పాత క్లబ్బు బ్యాంకు స్టేట్‌మెంటులో దాచుకున్న నిల్వ చూసి, ఇంత ఉండగా ఊరి డబ్బెందుకని నిలదీసే కౌన్సిలరు అరుదు. ఒక్కటే ఫారం అంటే ఇదీ: పాతవాళ్లకు తలుపు, కొత్తవాళ్లకు గోడ.

ఇక సమావేశం. అజెండాలో గ్రాంట్లు ఏ పదకొండో అంశమో అవుతాయి. కుక్కల మలం వేసే డబ్బా ఏ సందు మొదట పెట్టాలన్న దానిపై అరగంట నడిచాక, కోట్లు తొడుక్కునే వేళకు దరఖాస్తుల వంతు వస్తుంది. అడిగినది ఎక్కువ, ఉన్నది తక్కువ. పొద్దున్నే అంగట్లో ఎదురుపడే మనిషికి లేదని చెప్పడం ఎవరికీ ఇష్టం ఉండదు. కాబట్టి అందరికీ కోత, అందరికీ కొంత. వెయ్యి పౌండ్ల డేరా అడిగిన స్కౌట్లకు నాలుగు వందలు ఇస్తారు. నాలుగు వందలకు డేరా రాదు, డేరాలో కొంత భాగమూ రాదు. పప్పు బెల్లాలు పంచడానికి నియమావళి ప్రతులెందుకు?

ఇన్ని కాగితాలు అడిగే వ్యవస్థ కౌన్సిలర్ల స్వప్రయోజనం దగ్గర ఎంత ఉదారమో! దీనిపై ఉన్న 2012 నిబంధనలు ఉద్యోగం, భూమి, కాంట్రాక్టు, వాటాల వంటి ఆర్థిక ప్రయోజనాలను లెక్కలోకి తీసుకుంటాయి. జీతం లేని క్లబ్బు సభ్యత్వం ఆ జాబితాలో లేదు. ఊళ్లో అన్నిటికన్నా గట్టి బంధుత్వం అదే. దాన్ని ఏ కౌన్సిలుకు ఆ కౌన్సిలు సొంత ప్రవర్తనా నియమావళికి వదిలేశారు.

చట్టం మీద బుర్రలు బద్దలు కొట్టుకోవడం ఎవరికీ చేతకాదని కాదు. చర్చి గోపురం మీది గడియారానికి 1957 చట్టం కింద డబ్బు ఇవ్వవచ్చు. అదే గోపురం పైకప్పుకు ఇవ్వవచ్చా అన్నది దశాబ్దాల వివాదం. చర్చి ఆస్తికి డబ్బు ఇవ్వడానికి 1894 చట్టం అడ్డు కాదని తేల్చడానికి 2023లో పార్లమెంటు ఒక సెక్షన్ చేర్చాల్సి వచ్చింది. ఖర్చుకు తగ్గ మేలు ఉందా అన్న 137వ సెక్షన్ ప్రశ్నకు ఆ శ్రద్ధలో పదో వంతైనా దక్కలేదు.

కొత్త సంఘాలకు అరపేజీ దరఖాస్తు, ఖాతా లేకపోతే బిల్లు నేరుగా కౌన్సిలే చెల్లించడం, ఇస్తే పూర్తిగా ఇవ్వడం లేదా కాదని కారణం చెప్పడం, ఏడాది తిరిగాక ఒక సభ్యుడు వెళ్లి చూసి రావడం: మార్పు ఇక్కడ మొదలుకావాలి. 1960 చట్టం ప్రకారం ఈ సమావేశాలకు ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. గ్రాంట్ల రాత్రి ఆ కుర్చీల్లో కనిపించేది ఎక్కువగా డబ్బు అడిగినవాళ్లే. ఇచ్చినవాళ్లు, అంటే పన్ను కట్టినవాళ్లు, ఇంట్లో ఉంటారు.