మే నెలలో అలిగే లావా

అమెరికా నుంచి సెలవులకొచ్చిన కొడుకో కూతురో సూట్‌కేసులో బట్టల మధ్య భద్రంగా చుట్టి తెస్తారు. పొడవాటి గాజు సీసా, లోపల రంగునీళ్లు, అడుగున గడ్డకట్టిన మైనం. స్విచ్చి వేస్తే మైనం కరిగి ముద్దలు ముద్దలుగా పైకి లేచి, మళ్లీ మెల్లగా దిగాలి. అదే లావా ల్యాంపు. నెల్లూరులో హాల్లో టీవీ పక్కన పెట్టి, పక్కింటివాళ్లను కూడా పిలిచి స్విచ్చి వేస్తారు. మైనం కదలదు. లేదంటే మొత్తం పైకెళ్లి మూతకింద గడ్డలా కూర్చుంటుంది. రెండ్రోజులు చూసి అటకెక్కించేస్తారు. ఇక తెచ్చిన పిల్లలు ఫోన్లో 'ల్యాంపు ఎలా ఉంది?' అన్నప్పుడల్లా మాట మార్చాల్సిందే!

తొందరపడకండి. అలా అటకెక్కిన ల్యాంపుకి అసలు జబ్బే లేకపోవచ్చు. దానికి పడనివి మన ఎండ, మన కరెంటు, మన తొందర.

మైపాడు బీచిలో మధ్యాహ్నం దాటాక ఒంటికి తగిలే చల్లగాలికీ, ఈ సీసాలో ఆటకీ సూత్రం ఒకటే. ఎండకి నేల కాగుతుంది. దాని మీది గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. ల్యాంపులో ఆ కాగిన నేల పని బల్బుది. చల్లగా ఉన్నప్పుడు మైనం చుట్టూ ఉన్న నీళ్లకన్నా రవ్వంత బరువు. వేడెక్కితే వ్యాకోచించి తేలికవుతుంది, లేస్తుంది. పైభాగంలో సీసా చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ వేడి వదిలేసి, బరువెక్కి దిగుతుంది. కింద వేడి, పైన చల్లదనం. ఈ తేడా ఉన్నంతసేపే ఆట.

దీన్ని తయారుచేసింది బ్రిటన్‌లో. ఎడ్వర్డ్ క్రావెన్ వాకర్ అనే ఆయన ఒక పబ్బులో, గుడ్డు ఉడికే సమయం తెలుసుకోవడానికి పెట్టిన ఇలాంటి సీసాను చూశారు. దాంతో ఏళ్ల తరబడి కుస్తీపట్టి, 1963లో 'ఆస్ట్రో' పేరుతో ల్యాంపుగా మార్కెట్లోకి తెచ్చారు. అంటే పుట్టుకతోనే చలిదేశపు వస్తువు. గది 20 నుంచి 25 డిగ్రీలుంటే హాయిగా ఆడుతుంది. మరి మే నెలలో నెల్లూరు? బయట 40 దాటుతుంది. పడమటి గాలి గట్టిగా వీచిన రోజున పాతిక కిలోమీటర్లయినా లేని సముద్రం నుంచి చల్లగాలి ఊళ్లోకి రావడానికే మొరాయిస్తుంది. మనుషులకే ఊపిరాడని గదిలో సీసా పైభాగం చల్లబడేదెలా? మైనం పైకి పోయి అక్కడే ఉండిపోతుంది. లేదా చిన్నచిన్న గోలీల్లా విడిపోయి గబగబా తిరుగుతుంది. ఈ రెండూ వేడి ఎక్కువైందనడానికి గుర్తులు. ఆపేసి పూర్తిగా చల్లారనివ్వండి. వేసవిలో ఏసీ గదిలో అయితేనే వెలిగించండి. అదీ గాలి సూటిగా తగలని మూల. ఫ్యాను కింద వద్దు.

ఎండ తర్వాత అసలు కథ కరెంటుది. అమెరికాలో కరెంటు 120 ఓల్టులు, మన దగ్గర 230. సెల్‌ఫోన్ ఛార్జర్లు రెండింటినీ తట్టుకుంటాయి కాబట్టి ల్యాంపు కూడా అంతేననుకుంటారు. కాదు. చదును పిన్నుల ప్లగ్గుకి బజార్లో దొరికే చిన్న అడాప్టరు పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే తప్ప ఓల్టేజీని తగ్గించదు. అలా పెడితే బల్బు ఒక్కసారిగా భగ్గుమని పోతుంది. పగిలినా పగలొచ్చు. అమెరికా ల్యాంపుకి 230ని 110కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరే మార్గం. ల్యాంపులో ఉండేది మామూలుగా 25 లేదా 40 వాట్ల బల్బు కాబట్టి చిన్నది చాలు.

బల్బు పోయిందని ఎల్ఈడీ పెట్టినవాళ్లూ ఉన్నారు. 2015లో ఉజాలా పథకం వచ్చాక ఇంటింటా ఎల్ఈడీలే అయిపోయాయి, పాత ఫిలమెంటు బల్బు కోసం వెతుక్కోవాల్సి వస్తోంది. కరెంటు బిల్లుకి అది మంచిదే. లావా ల్యాంపుకి మాత్రం ఎల్ఈడీ దండగ. వెలుగొస్తుంది, మైనాన్ని కరిగించే వేడి రాదు. ల్యాంపు మీద ఎన్ని వాట్లని రాసి ఉందో అదే ఫిలమెంటు బల్బు కావాలి. ఎక్కువ వాట్లది పెట్టారో, మళ్లీ మే నెల కథే.

లో ఓల్టేజీ ఉన్న ఊళ్లో ఇంకో చిక్కు. 230 రావాల్సిన చోట 180 వస్తే బల్బు వేడి దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. మైనం ముళ్లలా, పుట్టలా కాస్త లేచి ఆగిపోతుంది. సముద్రం ఒడ్డు ఇళ్లలోనైతే ఉప్పుగాలికి హోల్డరు ఇత్తడికి చిలుం పట్టి బల్బు మిణుకుమిణుకుమంటుంది. ప్లగ్గు తీసేసి, బల్బు చల్లారాక గరుకు కాగితంతో మెల్లగా రుద్దితే సరి.

సీసా అడుగున సన్నటి లోహపు స్ప్రింగు చుట్ట ఉంటుంది, చాలామంది గమనించరు. దిగివచ్చిన ప్రతి ముద్దా తలతన్యత వల్ల తనచుట్టూ చర్మంలాంటి పొర కట్టుకుని పక్కదానితో కలవనంటుంది. ఆ పొరను తెంచి మళ్లీ ఒకటిగా కలిపేది ఈ స్ప్రింగే. అది మైనంతోపాటు పైకి తేలిపోతే కంగారు వద్దు. ఆపి చల్లార్చి, మర్నాడు మళ్లీ వేడెక్కించండి. అడుగుకి దిగడానికి అవకాశముంది.

ఇంత ఓపిక లేనివాళ్లు చేసే పని ఒకటుంది. సీసాను స్టౌ మీద పెట్టడం. 2004 నవంబరులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం కెంట్‌లో ఒక యువకుడు అలాగే చేశాడు. సీసా పేలి గాజుముక్క గుండెలో దిగింది. మూసిన సీసాలో ద్రవం కాగితే ఒత్తిడి బయటికి పోయే దారి ఉండదు. వేడినీళ్లలో ముంచడం, మూత తీసి నీళ్లు మార్చడం లాంటి సొంత వైద్యాలూ వద్దు. పిల్లలకు అందేంత ఎత్తులోనూ పెట్టకండి.

వేడిగా ఉన్నప్పుడు కదిపినా, కుదిపినా నీళ్లు మసకబారతాయి. కొన్నిసార్లు వెలిగించి చల్లారిస్తే తేటపడొచ్చు. తేటపడకపోతే దాన్ని మసక వెలుగు రాత్రిదీపంగా వాడుకోవడమే.

ఇవన్నీ సరిచూసుకున్నాక సంక్రాంతి రోజుల దాకా ఆగండి. అప్పుడు రాత్రుళ్లు నెల్లూరులోనూ 20 డిగ్రీల దగ్గరికి దిగుతాయి. ఏడింటికి స్విచ్చి వేసి భోజనాలకు లేవండి. ముందు మైనం ముళ్లలా లేస్తుంది, తర్వాత గుమ్మటంలా ఉబ్బుతుంది. తొమ్మిది, పదింటికల్లా మొదటి ముద్ద తెగి పైకి బయల్దేరుతుంది. అమెరికాలో అప్పటికి తెల్లవారుతుంది. ఫోన్ చేసి చెప్పొచ్చు.