మావగారి డబ్బుతో స్విట్జర్లాండా? వద్దండీ!

దసరా వెళ్ళిన వారంలో నా పెళ్ళి. ఆఫీసులో కాళ్ళావేళ్ళా పడి సంపాదించిన సెలవు మొత్తం పది రోజులు. పెళ్ళికీ, వ్రతానికీ, అటు రెండు ఇటు రెండు భోజనాలకీ నాలుగు రోజులు పోతే మిగిలేవి ఆరు. దీపావళికి కొత్తల్లుడు అత్తారింట్లో ఉండి తీరాలి కాబట్టి ఆ ఆరు రోజుల్ని వెనక్కి జరపడానికీ లేదు. ఈలోపు దేశం దాటి ఎక్కడికైనా వెళ్ళొద్దామని నేనూ, నాకు కాబోయే ఆవిడా అనుకున్నాం. ఇంతే కథ. ఇంత చిన్న విషయం రెండు ఇళ్ళల్లో ఎంత దుమారం లేపిందో వినండి.

ఓ ఆదివారం పొద్దున్నే మావగారి ఫోను. "బాబూ, ఆ హనీమూన్ సంగతి మీరేం పెట్టుకోకండి. పారిస్, స్విట్జర్లాండ్ ప్యాకేజీ మాట్లాడేశాను. మా తరఫున చిన్న కానుక" అన్నారు. ఆ చిన్న కానుక ఖరీదు ఇద్దరికీ కలిపి ఐదు లక్షల పైచిలుకు!

నిజం ఒప్పుకోవాలి కదా... ఫోను పెట్టేసి నేను ఎగిరి గంతేశాను. పెళ్ళిచూపుల్లోనే కట్నం వద్దని చెప్పి, అప్పట్నుంచీ ఫ్రెండ్స్ దగ్గర కాలరెగరేస్తున్న మనిషిని! ఆ రాత్రి తను ఫోన్ చేసి "నాన్న ఎఫ్.డి. తీసేస్తున్నారు, నీకు తెలుసా?" అని అడిగేదాకా నా బుర్ర వెలగలేదు. ఆయన రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు అది. అత్తగారి మోకాళ్ళ ఆపరేషన్‌కని అట్టేపెట్టుకున్నది. ఆ మోకాళ్ళ మీద నేను మంచుకొండల్లో ఫోటోలు దిగాలన్నమాట.

మా అమ్మతో చెప్తే, "వాళ్ళమ్మాయి సరదా కోసం వాళ్ళు పెట్టుకుంటున్నార్రా, మధ్యలో నీకేంటి నొప్పి?" అంది. మా పెదనాన్న కొడుకైతే ఇంకో మెట్టెక్కి, "మనం అడగలేదుగా, ఇస్తే తీసుకోవడం మర్యాద" అన్నాడు. మీలో చాలామంది ఇదే అంటారని నాకు తెలుసు. అందుకే దీనికి జవాబు చెప్పాలి.

1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం పెళ్ళికి సంబంధించి ఇచ్చే ఆస్తి పెళ్ళికి ముందు ఇచ్చినా, పెళ్ళప్పుడు ఇచ్చినా, పెళ్ళయ్యాక ఎప్పుడిచ్చినా కట్నమే. తీసుకున్నవాడిదే కాదు, ఇచ్చినవాడిదీ నేరమే. అయితే అడక్కుండా ఇచ్చే కానుకలకి మినహాయింపు ఉంది. దానికీ షరతులున్నాయి. కానుకలన్నీ జాబితాలో రాయాలి. పెళ్ళికొడుక్కి ఇచ్చేది ఆనవాయితీగా ఇచ్చేదై ఉండాలి, ఇచ్చేవాళ్ళ తాహతుకి మించకూడదు. మోకాళ్ళ ఆపరేషన్ డబ్బు తీసి ఇచ్చేది తాహతులో ఉన్నట్టా, మించినట్టా? మీరే చెప్పండి.

సరే, చట్టం పక్కన పెడదాం. నేనేం కోర్టుకెళ్ళట్లేదు :-) నా ప్రశ్న ఒక్కటే. "అడగలేదు" అంటున్నాం కదా, అసలు అడగాల్సిన అవసరం ఎక్కడుంది? ఆయన తోడల్లుడి అల్లుడికి స్విట్జర్లాండ్ పంపారు. పక్కింటాయన అల్లుడికి మాల్దీవులు. మేం నోరు విప్పక ముందే ఊరంతా మా తరఫున అడిగేసింది. అడిగే పని ఊరికి అప్పగించి, తీసుకునే పని మాత్రం మనం చేసి, చేతులు దులుపుకుంటున్నాం. కట్నం వద్దని చెప్పి బండి తీసుకున్నవాడికీ, బండి వద్దని చెప్పి హనీమూన్ తీసుకున్నవాడికీ తేడా ఏంటంటే, రెండోవాడికి ఇంగ్లీషు కాస్త బాగా వచ్చు. అంతే.

పోనీ ఆ ప్యాకేజీ అయినా మాకు పనికొచ్చేదా? హైదరాబాద్ నుంచి ఓ విమానం మారి అక్కడికి చేరి, మళ్ళీ తిరిగి రావడానికే ఆరింట్లో దాదాపు రెండు రోజులు పోతాయి. మిగిలిన నాలుగింట్లో రెండు దేశాలు, బస్సులో నలభై మందితో, పొద్దున్నే ఏడింటికి లగేజీ కింద పెట్టాలి. షెంజెన్ వీసాకి మనిషికి 90 యూరోలు (2024 జూన్‌కి ముందు 80 ఉండేది), 30 వేల యూరోల ఇన్సూరెన్సు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆఫీసు నుంచి లీవు లెటరు. మామూలుగా పదిహేను రోజులు, ఒక్కోసారి 45 రోజుల దాకా పడుతుంది. శుభలేఖలు పంచే రోజుల్లో ఈ కాగితాల కోసం తిరగాలి. వీసా రాకపోయినా ఫీజు వెనక్కి రాదు. పైగా అక్టోబరు చివర్లో అక్కడ కొన్ని కొండల మీదకెళ్ళే రోప్‌వేలు మరమ్మతులకని ఆపేస్తారు. అయినా మనకి స్విట్జర్లాండే కావాలి. ఎందుకంటే సినిమాల్లో చూశాం కాబట్టి. ఇంటర్‌లాకెన్‌లో యష్ చోప్రాకి 2016లో విగ్రహమే పెట్టారు. వాళ్ళకి మనమంటే ఎందుకంత ప్రేమో వేరే చెప్పాలా!

అందుకని మేమిద్దరం ఓ రాత్రి కూర్చుని (అంటే వీడియో కాల్‌లోనే లెండి) మొదట్నుంచీ లెక్క వేసుకున్నాం. ఆరు రోజులే ఉన్నాయి కాబట్టి ఒక్క దేశం, ఒక్క మూల. వీసా ఇంట్లో కూర్చుని తెచ్చుకునేలా ఉండాలి. అక్టోబరులో వాన ఉండకూడదు. అలా వెతగ్గా ఉత్తర వియత్నాం తేలింది. ఈ-వీసా మనిషికి 25 డాలర్లు. ఏజెంటుని అడిగితే ద నాంగ్, హోయాన్ వెళ్ళమన్నాడు, బీచ్ ఉందని. కానీ మన కోస్తాకి తుఫాన్లొచ్చే అక్టోబరు, నవంబరే ఆ నడిమి వియత్నాంకీ వానలు, వరదల నెలలు. ఆ ముక్క మాత్రం చెప్పలేదు. అదే నెలలో పైనున్న హనోయ్‌లో వానలు వెనకపట్టి గాలి తేలికవుతుంది. శరత్కాలంలో అక్కడ పచ్చి వడ్లతో అటుకులు చేసి తామరాకుల్లో చుట్టి అమ్ముతారట. 'కొమ్' అంటారు. మూడు రాత్రులు హనోయ్ పాత బజార్లో, రెండు రాత్రులు అక్కడికి వంద కిలోమీటర్ల లోపే ఉన్న నిన్ బిన్‌లో. కొండల కింద గుహల్లోంచి పడవలు పోయే చాంగ్ ఆన్ అక్కడే, 2014లో యునెస్కో జాబితాలో చేరింది. విమానాలతో సహా ఇద్దరికీ లక్షా పాతిక వేలు దాటకుండా వేసుకున్నాం.

మొత్తం నేనే కడతానని ఘనంగా ప్రకటించాను. తను నవ్వలేదు. "మా నాన్న కడితే తప్పూ, నువ్వు కడితే ఒప్పూనా? అప్పుడైనా ఇప్పుడైనా నేను ఎవరో ఒకళ్ళ ఖర్చు పద్దునేగా?" అంది. నా దగ్గర జవాబు లేదు. సగం సగం. టిక్కెట్టు మీదా, వీసా మీదా పాస్‌పోర్టులో ఉన్న తన ఇంటిపేరే ఉంటుంది. పెళ్ళయ్యాక పేరు మార్చుకోవాలనే రూలేం లేదు. పాస్‌పోర్టులో ఉన్న పేరూ, టిక్కెట్టు మీద పేరూ ఒకటే ఉండాలి, అంతే.

ఇక మావగారితో మాట్లాడాలి. నేను చేసిన ప్రాజెక్టు డెమోలన్నిటికంటే కష్టమైన ఫోన్ కాల్ అది. "మావయ్యగారూ, ఆ డబ్బు అత్తయ్యగారి ఆపరేషన్‌కే ఉంచండి. మేమిద్దరం మా జీతాలతో వెళ్తాం" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "మరి మా చుట్టాలకి ఏం చెప్పను బాబూ?" అన్నారు.

ఐదు లక్షలు మిగిలాయన్న సంతోషం కంటే ఆ బెంగే ఆయన గొంతులో ఎక్కువుంది. నాకేం తోచక "అల్లుడికి సెలవు దొరకలేదని చెప్పండి" అన్నాను. "అదీ బాగానే ఉంది" అన్నారు, ఊపిరి పీల్చుకుని.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కూతురూ అల్లుడూ సొంత డబ్బుతో వెళ్తున్నారని తలెత్తుకుని చెప్పుకోవాల్సిన మనిషి చేత నేనెందుకు అబద్ధం చెప్పించాను? ఖర్చు పెట్టడం గౌరవం, పెట్టించకపోవడం నామోషీ అని మనకి ఎవరు నేర్పారు? మర్నాడు మళ్ళీ ఫోన్ చేసి చెప్పాను. "సెలవు సంగతి వద్దండీ. అల్లుడు వద్దన్నాడని చెప్పండి. ఎవరైనా అడిగితే నా నంబరివ్వండి."

పెళ్ళి కుదిరిన తమ్ముళ్ళూ, మీక్కూడా ఏదో ఒక ఆదివారం ఆ ఫోన్ వస్తుంది. గంతేసే ముందు ఒక్క ముక్క అడగండి: "ఆ డబ్బు దేనికోసం దాచుకున్నారు మావయ్యగారూ?" అని.

జవాబు విన్నాక కూడా వెళ్ళాలనిపిస్తే, వెళ్ళిరండి. ఫోటోలు మాత్రం నాకు చూపించకండి.