సీసాలో వెన్న వాసన ఉంది, వెన్న లేదు: మరి మనం దేనికి డబ్బులిస్తున్నాం?

ఒకప్పుడు అత్తరు అంటే గులాబ్, మల్లె, ఊద్, కస్తూరి. ఇప్పుడు కుర్రకారు అడుగుతున్నది వేరు. వెన్న వేసి కాల్చిన బిస్కెట్ వాసన, పంచదార పాకం, వెనీలా, ఖర్జూరం కావాలంటున్నారు. ఒక్కమాటలో చెప్పాలంటే, ఉస్మానియా బిస్కెట్ ట్రే పొయ్యిలోంచి తీసినప్పుడు వచ్చే వాసన ఒంటికి రాసుకోవాలి!

ఇలా తినే వస్తువుల వాసనతో చేసే సెంట్లను పెర్ఫ్యూమ్ వ్యాపారంలో 'గూర్మాండ్' అంటారు. 1992లో ఫ్రాన్స్‌లో వచ్చిన థియెర్రీ ముగ్లర్ 'ఏంజెల్' ఈ ధోరణికి దారి వేసింది. తర్వాత గల్ఫ్ కంపెనీలు దీన్ని అందిపుచ్చుకున్నాయి. యూఏఈకి చెందిన లతాఫా 2022లో తెచ్చిన 'ఖమ్రా'లో దాల్చిన చెక్క, ఖర్జూరం, ప్రాలిన్, వెనీలా వాసనలు ఉంటాయి. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసుల్లో, ఆన్‌లైన్‌లో ఇలాంటి సీసాలు మన ఇళ్లకూ చేరుతున్నాయి.

అసలు విషయం ఏంటంటే, గులాబీని బట్టీ పెట్టి అత్తరు తీసినట్టు బిస్కెట్‌ను బట్టీ పెట్టి సెంటు తీయరు. ఆ వాసనను మామూలుగా ల్యాబ్‌లోనే కూర్చుతారు. వెన్న వాసనకు ముఖ్య కారణం డయాసిటైల్ అనే పదార్థం. కాల్చిన పంచదార వాసన ఇథైల్ మాల్టాల్ అనే తెల్లటి పొడితో వస్తుంది. తీపిదనం వెనీలిన్ తెస్తుంది. రొట్టె పైపొర వాసన వెనుక ఉన్న ఒక పదార్థమే మన బాస్మతి బియ్యం ఘుమఘుమకూ కారణం. అంటే బిర్యానీ దేగ్‌కూ, బేకరీ పొయ్యికీ చుట్టరికం ఉందన్నమాట.

ఇక లెక్క చూద్దాం. 2018 ప్రాంతంలో మడగాస్కర్ వెనీలా కాయల ధర కిలో 600 డాలర్ల దాకా వెళ్లింది. ఫ్యాక్టరీలో తయారయ్యే వెనీలిన్ అందులో చిన్న భాగానికే దొరుకుతుంది. అంటే సీసా ధరలో ముడిసరుకు వాటా కంటే పేరుకీ, ప్యాకింగ్‌కీ, ప్రచారానికీ పోయేది చాలా ఎక్కువ కావచ్చు. అది మోసం కాదు, వ్యాపారం. మోసం ఎక్కడంటే, ల్యాబ్ వాసనను 'ప్యూర్ నేచురల్' అని చెప్పి ఎక్కువ ధరకు అమ్మినప్పుడు. షాదీ కోసం, ఈద్ కోసం ఒకేసారి నాలుగైదు సీసాలు కొనే ఇంటికి ఈ తేడా చిన్నదేం కాదు.

రంగు చూసి కూడా మోసపోవద్దు. వెనీలిన్ ఎక్కువున్న సెంటు రోజులు గడిచేకొద్దీ గోధుమ రంగులోకి మారుతుంది. అది ఊద్ కలిపారనడానికి గుర్తు కాదు, పాడైందనడానికీ గుర్తు కాదు. కానీ జుమాకు వేసుకునే తెల్ల కుర్తాపై మరక పడొచ్చు. కాబట్టి బట్టల మీద కాకుండా ఒంటికి రాసుకోవడం మేలు.

మనం పెద్దగా మాట్లాడని కోణం ఇంకొకటి ఉంది. 2000లో అమెరికాలోని మిస్సోరిలో ఒక పాప్‌కార్న్ ఫ్యాక్టరీలో పనిచేసిన ఎనిమిది మందికి తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు ఉన్నట్టు బయటపడింది. వెన్న ఫ్లేవర్ ఆవిరిని రోజూ పీల్చడమే కారణమని తర్వాత తేలింది. అందులోని ప్రధాన పదార్థం డయాసిటైలే. ఒక చుక్క రాసుకునేవాళ్లు దీనికి భయపడాల్సిన పనిలేదు. కానీ గాలి ఆడని చిన్న గదిలో కూర్చుని రోజంతా ఇలాంటి కాంపౌండ్లు కలిపే కుర్రాడి సంగతి వేరు. ఆ గదికి కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నాయా అని యజమానే చూసుకోవాలి.

యూరప్ ఇప్పటికే లేబుళ్ల మీద దృష్టి పెట్టింది. అలర్జీ కలిగించగల 80కి పైగా పరిమళ పదార్థాల పేర్లు, మోతాదు ఒక హద్దు దాటితే, లేబుల్‌పై రాయాలని 2023లో నిబంధన తెచ్చింది. వెనీలిన్ కూడా ఆ జాబితాలో ఉంది. కొత్త సరుకుకు 2026 జులై 31 నుంచి, పాత సరుకుకు 2028 జులై 31 నుంచి ఇది వర్తిస్తుంది. అయితే ఈ రూల్ యూరప్‌లో అమ్మే సీసాలకే. మన దగ్గర అడగాల్సింది మనమే.

చార్మినార్, పత్తర్‌గట్టి అత్తరు దుకాణాలకు ఇది దెబ్బా, అవకాశమా? నా దృష్టిలో అవకాశమే. స్ప్రేలోని ఆల్కహాల్ విషయంలో ఉలమాల అభిప్రాయాలు వేర్వేరుగా ఉన్నాయి. దాన్ని వద్దనుకునే కుటుంబాలకు నూనెలో కలిపిన బేకరీ వాసనను, మిల్లీలీటర్ల లెక్కన, తక్కువ ధరకే ఇవ్వొచ్చు. షరతు ఒక్కటే: "భాయ్, ఇది నేచురలా, కాంపౌండా?" అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. తరాలుగా ఆ గల్లీలు నిలబడింది వాసన మీదే కాదు, మాట మీద కూడా.