చెవిని పడిన తెలుగు

మన పాపిరెడ్డిపట్టి పేరులో ముందు సగము తెలుగు, వెనుక సగము తమిళము. మన బ్రతుకులున్నూ అట్టివే. ఇంట తెలుగు, వీధిలో తమిళము. తరతరాలుగా ఈ సీమలో స్థిరపడిన మన కుటుంబాలలో పిల్లలు తెలుగు మాట్లాడుతారు గాని, అక్షరము చూపితే చదువలేరు. 2006లో వచ్చిన చట్టముతో ఈ రాష్ట్రపు బళ్లలో తమిళము నేర్చుట తప్పనిసరి అయినది. వున్న వూరి భాష నేర్చుట మంచిదే; దానికి మనకేమీ అడ్డు లేదు. కాని అక్షరము రాని ఇంట భాష నిలిచేదెట్లా? ఈ ప్రశ్నకు మాకు ఒక మహనీయుని జీవితములో కొంత జవాబు దొరికినది. ఆయన బాలాంత్రపు రజనీకాంతరావుగారు. లోకము ఆయనను ‘రజని’ అని పిలుచుకొన్నది.

రజనిగారు 1920 జనవరి 29న నిడదవోలులో పుట్టినారు. తండ్రి వేంకటరావుగారు వేంకట పార్వతీశ కవులనే జంటకవులలో ఒకరు. కనుక కవిత్వము ఆయనకు ఇంటి సొత్తు. ఆంధ్ర విశ్వవిద్యాలయములో ఎం.ఏ. చదివి, 1941లో మద్రాసు రేడియో కేంద్రములో వుద్యోగానికి చేరినారు. ఆ కేంద్రము 1938 జూన్ 16న మొదలైనది. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న వచ్చేవరకు కోస్తా, రాయలసీమల వారికి తెలుగు రేడియో అంటే మద్రాసే. ఆ గాలి అలలు ఎల్లలు చూడవు గదా! తమిళ సీమలోని తెలుగువారికిన్నీ అదే దిక్కు.

రేడియో పాట కట్టుట అందరనుకొనేటంత సులువు కాదు. నాటకానికి తెర వున్నది, వేషమున్నది, దీపాలున్నవి. సినిమాకు బొమ్మ వున్నది. రేడియోకు చెవి ఒక్కటే. మాట స్పష్టముగా వినబడవలె, రాగము మాటను మింగరాదు, ఇచ్చిన నిమిషాలలో పాట ముగియవలె. ఆ రోజులలో చాల భాగము అప్పటికప్పుడు పాడి ప్రసారము చేసేదే గనుక, తప్పు దొర్లితే దిద్దుకొనే వీలుండేది కాదు. రజనిగారు తామే పాట వ్రాసి, తామే వరుస కట్టి, తామే గాయకులకు నేర్పి, కార్యక్రమము నడిపేవారు. కవి, వాగ్గేయకారుడు, నిర్వాహకుడు ముగ్గురూ ఒక్కరిలోనే వున్నారన్నమాట.

సర్కారు వుద్యోగికి సినిమా పని కూడదు గనుక, సినిమా పాటలకు తమ సోదరులు నళినీకాంతరావుగారి పేరు వాడుకొన్నారు. 1945లో వచ్చిన ‘స్వర్గసీమ’లో భానుమతిగారు పాడిన ‘ఓహో పావురమా’ ఆయన రచనయే. ఆ పాట ఎవరిదో తెలియకనే మన పెద్దలెందరో దానిని పాడుకొన్నారు.

1947 ఆగస్టు 14 అర్ధరాత్రి నెహ్రూగారి ప్రసంగము దేశమంతా వినిపించినది. దాని పిమ్మట మద్రాసు కేంద్రము నుండి తెలుగులో వినవచ్చినది రజనిగారి ‘మాదీ స్వతంత్ర దేశం’. పాడినవారు టంగుటూరి సూర్యకుమారి, ప్రకాశం పంతులుగారి సోదరుని కుమార్తె. స్వాతంత్ర్యము వచ్చిందన్న కబురు చాలమందికి పత్రిక చదివితే తెలిసింది కాదు, విని తెలిసింది. చదువు రాని రైతుకున్నూ, పట్టభద్రునికిన్నీ ఆ రాత్రి ఒకే పాట, ఒకే వేళ అందినది.

తరువాత విజయవాడ కేంద్రములో ఆయన ‘భక్తిరంజని’ని నడిపించినారు. తెల్లవారేవేళ వీధి వీధినా ఆ పాటలు వినబడేవి. పొయ్యి రాజేసే అమ్మకు, పొలానికి పోయే తండ్రికి, పక్కమీద ఇంకా బద్దకించే పిల్లవానికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పకనే ఎన్నో కీర్తనలు నోటికి వచ్చినవి.

ఆయన పాటలు కట్టుటతో ఆగలేదు. తెలుగు పాటకు చరిత్ర వ్రాసినారు. ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’నకు 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినది. ఆ చరిత్రలో మన వంటివారికొక పాఠమున్నది. క్షేత్రయ్య తంజావూరు విజయరాఘవ నాయకుని కొలువు చూచినవాడు. త్యాగరాజస్వామి (1767-1847) పాడినది తిరువయ్యారులో, కావేరి ఒడ్డున. తెలుగు పాట గొప్పగా పండిన నేలలలో ఈ తమిళ నేల ఒకటి. నేటికిన్నీ తెలుగు అక్షరము తెలియని తమిళ విద్వాంసులెందరో, గురువు నోటి నుండి విని, ఆ కీర్తనలను పొల్లుపోకుండ పాడుతున్నారు. పాటగా మారిన మాటకు అంత ఆయువు!

రజనిగారు 2018 ఏప్రిల్ 22న, తొంబదెనిమిదేండ్ల వయసులో, విజయవాడలో కన్నుమూసినారు. ఆయన జీవితము నుండి మన ఇండ్లకు పనికివచ్చేది ఒకటున్నది: భాష ముందు చెవికి, తరువాత కంటికి. మనము తరచు దీనిని తలక్రిందులు చేస్తాము. పిల్లవానికి పలక ఇచ్చి ‘అ ఆ’లు దిద్దమంటాము, నాలుగు రోజులలో పలక మూల చేరుతుంది. ముందు ఒక పాట నేర్పండి. జోలపాటో, మంగళహారతో, ఏదైనా సరే. నోటికి వచ్చినాక ఆ పాటనే పెద్ద అక్షరాలతో వ్రాసి ముందు పెట్టండి. తరువాతి మాట ఏదో వానికి ముందే తెలుసు గనుక, వేలు పెట్టుకొని తానే అక్షరాన్ని పోల్చుకుంటాడు.

ఇంకొక్క మాట. మన ఇండ్లలో అవ్వలకు వచ్చిన పెండ్లి పాటలు, దంపుళ్ల పాటలు ఏ పుస్తకములోనూ వుండవు. నేడు ప్రతి చేతిలోనూ ఫోను వున్నది, దానిలో పాటను పట్టి వుంచే వసతి వున్నది. ఈ పండుగకు అవ్వ ప్రక్కన కూర్చుని, “అవ్వా, నీకు వచ్చిన పాట ఒకటి పాడు” అని అడగండి. ఆమె వద్దు, గొంతు పోయిందంటుంది. రెండవమారు అడగండి.